కదిలింది సరిహద్దు, వీధి కాదు

1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో గంజాం జిల్లా చాలాభాగం కలిసింది. ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసు వైపే ఉండిపోయాయి. బరంపురం మాత్రం ఒరిస్సాలోకి వెళ్లింది. కచేరీ కాగితం, బడి పలక క్రమంగా ఒడియాకు మారాయి, ఇంటి మాట తెలుగుగానే మిగిలింది. దీన్ని మనం భాషాభిమానం అంటుంటాం. అభిమానం ఉన్న మాట నిజమే, కానీ ఇన్ని తరాలు మాటను నిలబెట్టింది దానికంటే మొండిదైన అలవాటు అని నా నమ్మకం. అలవాటు మనసులో ఒంటరిగా ఉండదు, చోటును పట్టుకుని ఉంటుంది. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను 1970లలో పరిశోధకురాలు లీ రాబిన్స్ పరిశీలించారు. ఇల్లు చేరిన ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు దాదాపు 5 శాతమే. చోటు మారేసరికి అంతటి వ్యసనమే సడలింది. గంజాంలో జరిగింది దీనికి తిరగేసిన కథ. ఇక్కడ మనుషులు కదల్లేదు, గీత కదిలింది. గీత ఎక్కడెక్కడ రోజువారీ బతుకును తాకిందో, అంటే కచేరీలో, బడిలో, అక్కడే మాట మారింది. వంటింటినీ మగ్గాన్నీ అది తాకలేదు.

బరంపురం పట్టు నేసే దేరావాళ్లు తెలుగు మాట్లాడే దేవాంగులు. వాళ్ల చీరలో ఒంటి రంగు ఒకటి, అంచు రంగు మరొకటి. ఒంటి పేకకు ఒక నాడె, అంచు పేకకు వేరే నాడె. రెండు పోగులూ ఒకదాన్నొకటి మెలివేసుకున్న చోట గుడి గోపురాల్లా కుంభాలు లేస్తాయి. ఒకరు నాడె విసిరితే పక్కవారి చెయ్యి దాన్ని అందుకోవాలి. ఆ లయలో నోటికొచ్చే మాట ఎంచుకుని పలికేది కాదు, చేతిపనితో పాటే అబ్బినది.

అభిమానమే అసలు కారణమనేవాళ్లు గిడుగు రామమూర్తిని చూపిస్తారు. తానుంటున్న పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడం భరించలేక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ బాధ ముందు తల వంచాల్సిందే. అయితే అభిమానం ఆయన్ను ఊరు దాటించింది, ఊళ్లో ఉండిపోయినవాళ్ల తెలుగును నిలిపింది మరేదో. జనం నోట నలిగిన మాటకే బలమని జీవితమంతా వాదించినవారూ ఆయనే. శ్రీకాకుళంతో పెళ్లి సంబంధాలవల్లే తెలుగు నిలిచిందని ఇంకొందరంటారు. నిజమే, కానీ వియ్యం కూడా ఇంటి పరిసరాల్లో భాగమే కదా. 1903 నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లకు వీధి, పని, పొరుగు ఒక్కసారే మారాయి. వాళ్ల పిల్లల ఇంటి మాట చాలావరకు హిందీ అయింది. వాళ్లకు అభిమానం తక్కువైందని అనగలమా?

అందుకే నాకు సరిహద్దు కంటే మగ్గం గురించే ఎక్కువ బెంగ. బరంపురంలో రెండేళ్లకోసారి జాతరకు బుఢీ ఠకురాణి అమ్మవారు దేశీబెహెరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. దేరా కులపెద్ద దేశీబెహెరా ఆమెకు తండ్రి వరస. జాతర నాటికి వీధి నిండుతుంది. మగ్గం గుంట పూడ్చి గది అద్దెకిచ్చిన ఇంట్లో, జాతరకూ జాతరకూ నడుమ, పిల్లవాడికి తెలుగు ఏ పని చేస్తూ అబ్బాలి?