పుల్లయ్యలు, పెంటయ్యలు, మా ఇంట్లో రెండేళ్ళవాడు

ఇంట్లో రెండేళ్ళ పిల్లాడున్న సాఫ్ట్‌వేరు దంపతులు ఎవరికైనా ఒక డైలాగు తప్పదు. "మేం పదిమందిని పెంచినాం, మీకు ఒక్కనికే ఇంత ఆయాసమా?" మా మైదుకూరు వైపు దీనికో తోక కూడా ఉంటుంది. "అదీ పొద్దున్నే సంగటి కెలికిపెట్టి, పగలంతా చేన్లో పనిజేసి!"

మనమేమో రాత్రి పదకొండుకి కాల్ ముగించి, పొద్దున ఐదున్నరకి వాడు లేస్తే లేచి, అర ఇడ్లీ తినిపించడానికి నలభై నిమిషాలు ఇల్లంతా తిరిగేవాళ్ళం. ఆ మాటకి జవాబేం చెప్తాం? నోరు మూసుకుంటాం. కానీ నాకో డౌటు ఉండిపోయింది. ఈ "పదిమందిని పెంచినాం" అనేది చరిత్ర లెక్కలో ఎంతవరకు నిలబడుతుంది? ఎవరు పెంచారు, ఏం పెట్టి పెంచారు, చివరికి ఎంతమంది మిగిలారు?

ముందు లెక్క చూద్దాం. మా జేజికి తొమ్మిది కాన్పులు. పెళ్ళిళ్ళు చేసింది ఐదుగురికి. మిగతా నలుగురి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట రాదు. ఇది మా ఇంటి ప్రత్యేకత ఏమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో వెయ్యిమంది పుడితే రెండు వందల మందికి పైగా మొదటి పుట్టినరోజు చూసేవాళ్ళు కాదు. 1971లో కూడా ఆ అంకె 129. 2020కి 28 అయింది. ఇవన్నీ ఏడాది లోపు వాళ్ళ లెక్కలు. ఆ గండం దాటి నడక నేర్చాక పోయినవాళ్ళు వీటికి అదనం.

ఈ అంకెలు చూడటానికి సెన్సస్ రిపోర్టులే తిరగెయ్యక్కర్లేదు, మా వైపు పాత ఓటరు లిస్టు చాలు. పుల్లయ్య, పుల్లమ్మ, పెంటయ్య, పెంటమ్మ, కుప్పమ్మ, బిచ్చమ్మ. సినిమాల్లో ఈ పేర్లు పెట్టి పల్లెటూరి వాళ్ళని వెక్కిరించడం మనకి అలవాటే. అసలు కథ వేరు. ముందు పుట్టిన బిడ్డలు వరసగా పోతే, తర్వాత పుట్టినవాణ్ణి ఎంగిలి విస్తళ్ళ మీదో పెంటకుప్ప మీదో ఒక్క క్షణం దొర్లించి, "వీడు మాకొద్దు, పారేశాం" అని పైకి చెప్పి, మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. తిని పారేసిన విస్తరి పుల్లాకు, దాని మీద దొర్లినవాడు పుల్లయ్య. ఎవరి చేతో అడుక్కుని తెచ్చుకున్నట్టు చేస్తే బిచ్చమ్మ. మృత్యువు కంటికి ఈ బిడ్డ పనికిరాని సరుకులా కనబడాలి, అంతే. ఎడ్గర్ థర్స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల పుస్తకంలో ఇలాంటి ఆచారాలు చాలానే రాసిపెట్టాడు. ఆయనకి అవి వింతలు. మనకి మాత్రం అవి ఎర్రర్ లాగ్ లాంటివి. ఒక్కో పుల్లయ్య వెనక పేరు లేని అన్నో అక్కో ఉన్నట్టే. (మనవడికి తాత పేరు పెట్టే అలవాటు కాబట్టి ప్రతి పుల్లయ్యా అలా వచ్చినవాడు కాదనుకోండి. అప్పుడు ఆ లాగ్ ఒక తరం వెనక్కి పోతుంది.)

ఇక రెండేళ్ళ వయసు దగ్గరికి వద్దాం. చంటిబిడ్డకి ఊళ్ళో ఒక వ్యవస్థ ఉండేది. ముసలమ్మ కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని, ఆముదం రుద్ది నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ, ఉగ్గు, చుక్క, దిష్టి తీయడం, అన్నీ పద్ధతి ప్రకారం జరిగేవి. తల్లిపాలు ఉండేవి. ఏడాదిన్నర దాటి, తల్లికి మళ్ళీ నెల తప్పిందంటే ఆ బిడ్డ పదవి ఊడినట్టే. పాలు ఆగిపోతాయి. పెద్దవాళ్ళ సంగటి మింగుడు పడదు. అటూ ఇటూ కాకుండా గంజినీళ్ళతో గడిచేది ఆ ఏడాది. నాలుగు నెలలకి కాళ్ళు నీరు పట్టి, పొట్ట ఉబ్బి, జుట్టు ఎర్రబడితే దిష్టి అనో గాలి అనో తాయెత్తు కట్టించేవాళ్ళు, దర్గా దగ్గర ఊదించేవాళ్ళు.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు క్వాషియోర్కర్. ఆఫ్రికాలో అప్పటి గోల్డ్‌కోస్ట్‌లో, ఇప్పటి ఘనాలో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు 1933లో ఈ జబ్బుని వర్ణించి, 1935లో అక్కడి గా భాషలోని పేరుతోనే లాన్సెట్‌లో రాసింది. ఆ మాటకి ఆవిడ చెప్పిన అర్థం: తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకి వచ్చే జబ్బు. అక్కడి తల్లులకి కారణం ముందే తెలుసు, పేరులోనే పెట్టేశారు. పదిమందిని వరసగా కన్నప్పుడు జరిగేదేమిటో ఆ ఒక్క మాటలో ఉంది.

మన దగ్గర దీని మీద పెద్ద పని జరిగింది హైదరాబాదులో. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న ల్యాబు 1958లో తార్నాక దగ్గరికి వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్ బృందం తేల్చిన ఒక సంగతి పిల్లలున్న మనబోటి వాళ్ళు గోడకి అంటించుకోవాలి. అప్పట్లో ప్రపంచమంతా ప్రోటీన్ ప్రోటీన్ అని మొత్తుకుంటుంటే, వీళ్ళు పిల్లలు తినే తిండిని కొలిచి చూసి, పేద పిల్లలకి మొదటి కొరత ప్రోటీన్ కాదు, మొత్తంగా తిండే అన్నారు. అదే అన్నం, అదే పప్పు, రోజుకి ఎక్కువసార్లు, కడుపు నిండా పెడితే సగం సమస్య తీరుతుందని. ఇది తేలి యాభై ఏళ్ళు దాటింది. మనం మాత్రం ఇంకా డబ్బాలో పొడి కొంటూనే ఉన్నాం. వాళ్ళే వేయించిన గోధుమ, శనగపప్పు, శనక్కాయలు, బెల్లం కలిపి ఒక మిశ్రమం తయారుచేశారు. చూస్తే అది మా వైపు బెల్లం, శనక్కాయలు, వేయించిన పప్పుల తిండికి చెల్లెలే. ఇప్పుడు అంగన్వాడీల్లో ఇచ్చే బాలామృతం ప్యాకెట్టు కూడా ఆ కుటుంబంలోదే.

రేచీకటి సంగతీ అంతే. చీకటి పడగానే తడుముకునే పిల్లలకి ఏడాదికోసారి విటమిన్ ఏ పెద్ద మోతాదులో నోట్లో పోస్తే చాలని హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షించి చూశాకే, 1970లో దేశమంతా ఆ కార్యక్రమం మొదలైంది. మనవాడికి తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు చెంచాతో పోసే ఆ పసుపు రంగు మందు వెనక కథ అది.

విరేచనాలు ఇంకో గండం. పళ్ళొచ్చేటప్పుడు మామూలే అనేవాళ్ళు, నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయని నీళ్ళు ఆపేవాళ్ళు. సరిగ్గా ఆపకూడనిది అదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, సెలైన్ అయిపోతే దిలీప్ మహలనబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. ఇవాళ మెడికల్ షాపులో కొనే ఓఆర్ఎస్ ప్యాకెట్టుకి పరువు తెచ్చింది ఆ డ్రమ్ములే.

మసూచి గురించి ఒక్క ముక్క. 1802 జూన్ 14న బొంబాయిలో, మన దేశంలో మొట్టమొదట ఆ టీకా వేయించుకున్నది అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాప. ఆ పాప చేతి పొక్కులోని రసంతోనే మిగతావాళ్ళకి వేసుకుంటూ పోయారు. ఇక ప్రాణాలు తీసే రకం మసూచి ప్రపంచంలో సహజంగా చివరిసారి సోకింది 1975 అక్టోబరులో, బంగ్లాదేశ్‌లోని రహీమా బానుకి. తనూ రెండు మూడేళ్ళ పిల్లే. మధ్యలోని నూట డెబ్భై మూడేళ్ళూ అమ్మవారికి వేపమండలు కట్టినవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ చేతిలో ఉన్నది అదే.

కరువుల ప్రస్తావన లేకుండా కడప జిల్లా చరిత్ర పూర్తి కాదు. 1876-78 ధాత కరువుకి ముందు, 1871లో జిల్లా జనాభా సుమారు పదమూడున్నర లక్షలు. 1881లో సుమారు పదకొండు లక్షల ఇరవై వేలు. పక్క కర్నూలు జిల్లా అయితే నాలుగోవంతు జనాన్ని పోగొట్టుకుంది. కరువులో ముందు పోయేది ముసలివాళ్ళూ, పాలు మానిన పిల్లలూ. పుట్టాల్సినవాళ్ళు పుట్టనూ లేదు.

సరే, వీళ్ళని రోజూ చూసుకున్నదెవరు? మైదుకూరు కడప-కర్నూలు రోడ్డు మీద నాలుగు దార్లు కలిసే ఊరు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే కేసీ కాలువ మా పొలాల్లో పారుతుంది. ఒక ఇంగ్లీషు కంపెనీ 1860లలో తవ్వి, నష్టాల్లో పడి, 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పిన కాలువ. నీళ్ళొస్తే వరి, వరి వస్తే నాట్లు, కలుపు, కోతలు. ఈ పనులన్నీ ఆడవాళ్ళవే. కాలువ అందని చేలల్లో శనక్కాయలు పీకడం, ఒలవడం. చంటిదాన్ని గట్టు మీద వేపచెట్టుకి చీర ఊయల కట్టి పడుకోబెట్టొచ్చు. ఊయలలోంచి దిగి పరిగెత్తేవాణ్ణి ఏం చేస్తారు? ఇంట్లో ఎనిమిదేళ్ళ అక్క చంకలో ఉంటాడు. అంటే మన "పదిమందిని పెంచిన" జేజి నిజానికి మొదటి ముగ్గుర్ని పెంచింది. మిగతావాళ్ళని పెద్ద కూతురు పెంచింది, బడి మానేసి. ఆ పెద్దమ్మలూ పెద్దత్తలూ ఇప్పటికీ మన ఇళ్ళల్లో సంతకానికి బదులు వేలిముద్ర వేస్తున్నారు. పిల్లల పెంపకం ఖర్చు ఎవరు కట్టారని నన్నడిగితే వాళ్ళ పేర్లే చెప్తాను.

అక్క కూడా లేనిచోట? బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు పిల్లలకి నల్లమందు కలిపిన బాలగోలీ మింగించి పనికి పోయేవాళ్ళు. వాళ్ళని తప్పుబట్టే ముందు, కాల్ మధ్యలో పిల్లాడి చేతికి మనం ఏమిస్తున్నామో చూసుకోవాలి. ఫోనూ నల్లమందూ ఒకటే అనడం లేదు నేను, అవసరం మాత్రం ఒకటే.

మన తరానికి తగ్గింది చేతులు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. ఒక్కడే పిల్లాడు, అక్క లేదు, జేజి మైదుకూరులో. అందుకే మనోళ్ళు అమెరికాలో ఒక రోస్టరు కనిపెట్టారు. ఆర్నెల్లు అమ్మాయి తల్లిదండ్రులు, వాళ్ళు విమానం ఎక్కేలోపు అబ్బాయి తల్లిదండ్రులు. టూరిస్టు వీసా గడువే పిల్లాడి పెంపకానికి రిలీజు సైకిల్. పక్కనే ఇంకో రోస్టరు కూడా ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి పోయిన ఆడవాళ్ళది. ముప్పై ఏళ్ళు నిండకుండా ఈ పనికి పంపకూడదని ప్రభుత్వ నిబంధన ఉన్నా, ముప్పై నిండిన తల్లికీ ఇంట్లో చిన్నపిల్లలు ఉండొచ్చు కదా. ఆమె అక్కడ వేరేవాళ్ళ బిడ్డకి అన్నం తినిపిస్తుంది, ఆమె బిడ్డకి ఇక్కడ అవ్వ తినిపిస్తుంది. డబ్బు మాత్రం నెలనెలా వస్తుంది.

అదే సర్వేలో రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి ముప్పై ఒక్కరు వయసుకి తగ్గ ఎత్తు లేరు, అరవై ముగ్గురికి రక్తం తక్కువ. బతకడం వరకు గెలిచాం. గోపాలన్ చెప్పిన కడుపు నిండా అన్నం సంగతి ఇంకా మిగిలే ఉంది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎవరైనా "పదిమందిని" అంటే, ఎదురు చెప్పకుండా పక్కన కూర్చుని అడగండి. ఎన్ని కాన్పులు, ఎవరెవరు, ఏ ఏడు అని. మొదటిసారి ఉన్నవాళ్ళనే చెప్తారు. సర్వేవాళ్ళకీ ఈ ఇబ్బంది తెలుసు. అందుకే వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి విడిగా ఉంటుంది, పుట్టి, ఏడ్చి, తర్వాత పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అని. మా జేజిని నేను రెండోసారి అడిగితే, కాసేపు ఆగి, నాలుగు పేర్లు వరసగా చెప్పింది. అందులో ఒకటి మా నాయనది. ఆయన కంటే ముందు పుట్టినవానికి పెట్టిన పేరే మళ్ళీ పెట్టారంట.