కొండ మీద నీళ్ళ ట్యాంకు నుంచి ఆదివారం ఈత దాకా

మొన్నటి ఎపిసోడ్‌లో సింగపూర్ ఈతకొలనుల సంగతి ఒక పది నిమిషాలు మాట్లాడాను. దానికి వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, ఆ చరిత్రలో మనలాంటోళ్ళు ఎక్కడున్నారు?" దుబాయ్ నుంచి ఒక తమ్ముడు ఇంకా సూటిగా అడిగాడు: "స్విమ్మింగ్ పూల్ అంటే పెద్దోళ్ళ విల్లాల్లో ఉండేది గదా, మనకెందుకన్నా అది?" రికార్డింగులో టైము చాలక వదిలేసినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. కాబట్టి కాస్త కాంక్రీటు కళ్ళతోనే చూస్తాను, సర్దుకోండి.

సింగపూర్‌లో మొదట కొలనులు లేవు, సముద్రమే. 1894లో తంజోంగ్ రూ దగ్గర ఒడ్డున సింగపూర్ స్విమ్మింగ్ క్లబ్ పెట్టారు. పెట్టింది యూరోపియన్లు, సభ్యత్వమూ వాళ్ళకే. మిగతా ఊరికి అదే సముద్రం ఉంది గానీ, బట్టలు మార్చుకునే గది, కాపలా, తోడు ఇవేవీ లేవు. పదకొండేళ్ళ తర్వాత, 1905లో, ఇక్కడే పుట్టి పెరిగిన కొందరు చైనీస్ స్నేహితులు తంజోంగ్ కటోంగ్ ఒడ్డున తమ జట్టు తాము కట్టుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు చూడండి: తంజోంగ్ కటోంగ్ స్విమ్మింగ్ పార్టీ. క్లబ్ కాదు, సంఘం కాదు, పార్టీ. అంటే నలుగురు కలిసి నీళ్ళలోకి దిగే మూక అన్నమాట. 1909లో అదే చైనీస్ స్విమ్మింగ్ క్లబ్ అయింది. ఇప్పటికీ ఉంది.

ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఆ పదకొండేళ్ళే నాకు ఎక్కువ నచ్చే భాగం. ఒక చోట మనకి చోటు లేదు. సరే, పక్క ఒడ్డున మన చోటు మనం చూసుకుందాం. ఇందులో గొడవా లేదు, అర్జీలూ లేవు. మన డార్మిటరీల్లో క్రికెట్ జట్టు కట్టేది కూడా ఇలాగే కదా, ఎవర్నీ అడగం. బంతి ఒకడు తెస్తాడు, బ్యాటు ఇంకొకడు తెస్తాడు.

సముద్రంలో ఈదాలంటే సొరచేపల భయం, జెల్లీ చేపల బాధ. అందుకని నీళ్ళలో దుంగలు పాతి కంచె కట్టి, దాని లోపల ఈదేవాళ్ళు. మలయ్ భాషలో దాన్ని పాగర్ అంటారు. తంజోంగ్ పాగర్‌లో పని చేసినవాళ్ళు మన శ్రోతల్లో చాలామంది ఉన్నారు, రోజూ ఆ పేరు చూసి ఉంటారు. తంజోంగ్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల, పాగర్ అంటే కంచె. అక్కడి కంచె చేపల కోసమో దేనికోసమో ఎవరి కథ వాళ్ళు చెప్తారు గానీ, కటోంగ్ పార్కు దగ్గర పాగర్ మాత్రం అచ్చంగా ఈతగాళ్ళ కోసం కట్టిందే.

సముద్రం పక్కన లేనివాళ్ళ కథ కొండ మీద మొదలైంది. లిటిల్ ఇండియా వెనక మౌంట్ ఎమిలీ అని చిన్న కొండ. టెక్కా మార్కెట్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆదివారం ఆ రోడ్ల నిండా మనవాళ్ళే ఉంటాం గానీ, పైకి ఎక్కేవాడు వందకి ఒక్కడు కూడా ఉండడు. ఆ కొండ మీద ఊరికి మంచినీళ్ళిచ్చే రిజర్వాయర్ ఉండేది. 1929లో ఫోర్ట్ క్యానింగ్ కొండ మీద కొత్త, పెద్ద రిజర్వాయర్ వచ్చాక పాతదాని అవసరం తీరిపోయింది. పడగొట్టకుండా దాన్ని ఈతకొలనుగా మార్చి, 1931 జనవరిలో జనానికి తెరిచారు. ఈ ఊళ్ళో మొట్టమొదటి పబ్లిక్ ఈతకొలను అదే. క్లబ్బులో సభ్యత్వం లేని మనిషి కూడా టికెట్టు కొని దిగొచ్చు.

పని తెలిసినవాడిగా చెప్తున్నాను, అది చాలా తెలివైన పని. నీళ్ళు నిలబడేలా కట్టిన ట్యాంకుకి లీకేజీ బెడద ముందే తీరిపోయి ఉంటుంది. పునాది ఆ బరువు మోయడానికి అలవాటు పడి ఉంటుంది. నీళ్ళు లోపలికొచ్చే పైపు, బయటికి పోయే పైపు ఉండనే ఉంటాయి. ఇంక కావల్సింది దిగే మెట్లు, జారని అంచు, లోతు గుర్తులు, బట్టలు మార్చుకునే గదులు, నీళ్ళని శుభ్రం చేసే ఏర్పాటు. కొత్తగా తవ్వి కట్టేదానితో పోలిస్తే ఖర్చు ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. పనికిరాని కట్టడాన్ని జనానికి పనికొచ్చేలా చేయడం మన ఇంజనీర్లకి ఇప్పటికీ ఆఖర్న గుర్తొచ్చే ఆలోచన.

ఆ తర్వాత 1952లో యాన్ కిట్ కొలను, తంజోంగ్ పాగర్ దగ్గరే. 1957లో ఫారర్ పార్క్, అదీ లిటిల్ ఇండియాకి ఆనుకునే. 1959లో రివర్ వ్యాలీ. ప్రభుత్వ ఫ్లాట్లు లేచాక కొలనులు కూడా పేటలవైపు కదిలాయి. 1973లో ఆగ్నేయాసియా ఆటల పోటీల కోసం టోవా పాయోలో పెద్ద కొలను కట్టారు, పోటీలు అయిపోయాక అది ఆ పేట జనానికే మిగిలింది.

ఇంతవరకూ కట్టడాల లెక్క. పుస్తకాల్లో దీని తర్వాత వచ్చేది పతకాల లెక్క. 1951లో మన ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగితే, సింగపూర్ కుర్రాడు నియో చ్వీ కాక్ ఈతలో నాలుగు బంగారు పతకాలు పట్టుకెళ్ళాడు. అదే పోటీల్లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్ మాత్రం మన బెంగాలీ ఈతగాడు సచిన్ నాగ్ గెలిచాడు, ఆసియా క్రీడల్లో ఇండియాకి మొదటి బంగారం అది. 2016 రియో ఒలింపిక్స్‌లో జోసెఫ్ స్కూలింగ్ బంగారం గెలిచిన రోజు ఈ ఊరు ఎలా ఊగిపోయిందో ఇక్కడున్నవాళ్ళకి గుర్తే. మంచిదే. కానీ ఈ లెక్కలో లేనివాళ్ళు వేరే ఉన్నారు. పొద్దున్న కొలను తలుపులు తీసేసరికి బయట నిలబడి ఉండే అరవై ఏళ్ళ, డెబ్బై ఏళ్ళ మనుషులు. ఏ పేటకి వెళ్ళినా కనిపిస్తారు. వాళ్ళ చరిత్ర ఎవరూ రాయలేదు.

అలాంటి ఒక పెద్దాయన నాకు తెలుసు. రిటైరయిన చైనీస్ అంకుల్, ఓడరేవులో పనిచేసినవాడు. కుర్రతనంలో యాన్ కిట్‌లో ఈత నేర్చుకున్నాడట. ఆ కొలనుని 2001లో మూసేశారు. మౌంట్ ఎమిలీ అంతకు ఇరవై ఏళ్ళ ముందే పోయి పార్కయింది. ఫారర్ పార్క్, రివర్ వ్యాలీ 2003లో మూతబడ్డాయి. ఫారర్ పార్క్ మైదానం వైపు ఇప్పుడు ఇళ్ళు లేస్తున్నాయి. ఒక్కో కొలను మూతబడినప్పుడల్లా వీళ్ళ జట్టు ఇంకో కొలనుకి మారింది. బస్సు మారింది, టైము మారింది, నలుగురైదుగురు పోయారు. జట్టు మాత్రం ఉంది. ఎలా ఉంచారు అంకుల్ అని అడిగితే ఆయన పెద్ద రహస్యమేమీ చెప్పలేదు. "లాకర్ దగ్గర లెక్క పెడతాం. ఒకడు తక్కువైతే ఫోన్ చేస్తాం." అంతే.

మనకీ తెలిసిన విషయమే ఇది. స్లాబ్ పోసిన రాత్రి హెడ్‌కౌంట్ అవకుండా లారీ కదలనివ్వం కదా. కానీ అది డ్యూటీలో. ఆదివారం మనల్ని లెక్కపెట్టేవాడు ఉండడు. ఇంటికి ఫోన్ చేసి "బాగున్నాను" అంటాం, పడుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం పడుకుని లేవనివాళ్ళ కబురు నేను ఈ ఇరవై ఏళ్ళలో చాలాసార్లు విన్నాను. నలభై, నలభై రెండేళ్ళ వాళ్ళు, ఒంట్లో బాలేదని ఎవరికీ చెప్పనివాళ్ళు. 2020 ఏప్రిల్ నుంచి కరోనాకి డార్మిటరీల్లో మూసి ఉంచినప్పుడు, నెలల తరబడి మంచం, వరండా, మంచం. గేట్లు తీశాక మా సైట్లో బలమైన కుర్రాళ్ళు కూడా నాలుగంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడ్డారు. నా మోకాళ్ళు అప్పటినుంచే పేచీ మొదలుపెట్టాయి. ఛాతీ దాకా నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు మూడో వంతుకి తగ్గిపోతుందని డాక్టరు చెప్పి, నన్ను కొలనుకి పంపాడు. అక్కడే ఆ అంకుల్ పరిచయం.

పెద్దవాళ్ళు ఈత ఎందుకు మానేస్తారు, మళ్ళీ ఎలా మొదలుపెడతారు అన్నదానికి అమెరికాలో ఒక కథ ఉంది, చిన్నదే. రాన్సమ్ ఆర్థర్ అని వాళ్ళ నేవీలో డాక్టరు. వ్యాయామం చెయ్యండి అని చెప్తే పెద్దవాళ్ళు వినరు. ఒక తేదీ, ఒక పోటీ, పక్క లేన్లో ఒక మనిషి ఉంటే వస్తారు అని ఆయన నమ్మకం. ఈత కోచ్‌ల సంఘం నడిపే జాన్ స్పానత్‌కి చెప్పి ఒప్పించాడు. 1970 మే నెలలో టెక్సస్ రాష్ట్రం అమరిల్లోలో పెద్దవాళ్ళకి మాత్రమే మొదటి జాతీయ పోటీ పెట్టారు. వచ్చింది 46 మంది. మాస్టర్స్ స్విమ్మింగ్ అనే పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నడిచే వ్యవహారానికి మొదలు ఆ 46 మందే. పాతికేళ్ళు నిండితే చాలు, ఆపైన అయిదేళ్ళకో వరస, నీ వయసువాడితోనే నీ పోటీ. 1986లో టోక్యోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 2025లో అవే పోటీలు మన సింగపూర్‌కే వచ్చాయి. ఆగస్టులో ఒకరోజు కలాంగ్ వెళ్ళి చూశాను. చేతికర్ర పక్కన పెట్టి, మనవడి చెయ్యి పట్టుకుని స్టార్టింగ్ దిమ్మ దాకా నడిచి, అక్కడినుంచి నీళ్ళలోకి దూకిన ముసలామెని చూశాక మోకాళ్ళ గురించి ఫిర్యాదు చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

మన వైపు సంగతికొస్తే, ఈత మనకి పిల్లల పని. ఎండిన ఆనపబుర్ర నడుముకి కట్టుకునో, జీలుగు బెండు ఛాతీ కింద పెట్టుకునో చెరువులో నేర్చుకున్నవాళ్ళం. మీసం వచ్చాక నీళ్ళలో కనిపిస్తే "ఏటిరా, గుంటడివా ఇంకా" అంటారు. ఆడపిల్లలకైతే అంతకు ముందే ఆపేస్తారు. అందుకే హైదరాబాద్‌కి చెందిన గోలి శ్యామల గారి సంగతి ఎపిసోడ్‌లో ప్రత్యేకంగా చెప్పాను. ఆవిడ నీళ్ళంటే భయపడే మనిషి, నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక ఒడ్డు నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదేశారు, దాదాపు 14 గంటలు. ఆవిడంత మనం ఈదక్కర్లేదు. నలభైలో మొదలుపెట్టొచ్చు అన్న ముక్క మాత్రం తీసుకుందాం.

మా జట్టులో ఇప్పుడు తొమ్మిది మంది. నలుగురు తెలుగువాళ్ళు, ముగ్గురు తమిళులు, ఇద్దరు బంగ్లాదేశ్ భాయ్‌లు. ఆదివారం పొద్దున్న 8 గంటలకి, పేట కొలనులోనే. టికెట్టు ఖర్చు బిర్యానీ ఖర్చులో నాలుగో వంతు ఉండదు. నిక్కరు మాత్రం ఈతదే వేసుకోవాలి, మామూలు షార్ట్స్‌తో దిగనివ్వరు. మొదట్లో మా వాళ్ళకి అదే పెద్ద సిగ్గు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరూ ఓవర్‌టైమ్ గురించి మాట్లాడరు. ఎందుకో నాకూ తెలీదు, రూలేం పెట్టుకోలేదు. చేతిలో ఫోను లేకపోవడం వల్లనేమో. బయటికొచ్చి టీ దగ్గర కూర్చున్నాక మాత్రం అన్నీ వస్తాయి: చెల్లెలి పెళ్ళి అప్పు, పర్మిట్ రెన్యూవల్, నిద్ర పట్టకపోవడం. ఒకతనికి బీపీ ఉందని మాకు తెలిసింది ఆ టీ దగ్గరే. మరుసటి వారం ఇద్దరం తోడు వెళ్ళి క్లినిక్‌లో చూపించాం.

దుబాయ్ తమ్ముడికి: విల్లాల సంగతి వదిలెయ్. మీ ఊళ్ళో 2023లో జుమేరా, ఉమ్ సుఖీమ్ వైపు పబ్లిక్ బీచ్‌లలో లైట్లు వేసి, రాత్రిపూట కూడా లైఫ్‌గార్డులతో ఈత పెట్టారు. డ్యూటీ దిగాక, ఎండ పోయాక వెళ్ళొచ్చు. లైఫ్‌గార్డు లేనిచోట, ఒంటరిగా, కాలువల్లో, సైట్ గుంటల్లో దిగొద్దు. చెరువులో ఈత వచ్చని సముద్రాన్ని నమ్మొద్దు, అడుగున లాగుడు వేరేగా ఉంటుంది. ముగ్గురు దొరికితే చాలు, మొదలుపెట్టండి. అంకుల్ వాళ్ళ పద్ధతిలో దిగేముందు ఒక లెక్క, ఎక్కాక ఒక లెక్క.

ఇక్కడున్నవాళ్ళు ఎవరైనా వస్తామంటే పాడ్‌కాస్ట్ నంబరుకి మెసేజ్ పెట్టండి, ఏ కొలనో చెప్తాను. ఈత రాదని ఆగొద్దు. మొన్న సోంపేట నుంచి వచ్చిన కుర్రాడు మూడు వారాలుగా అంచు కడ్డీ వదలడం లేదు. అంకుల్ రోజూ అతని పక్కన నిలబడి, ఇద్దరికీ రాని ఇంగ్లీషులో, కాళ్ళు ఎలా కొట్టాలో చెప్తూనే ఉన్నాడు.