పాత గేమ్‌లు గొప్పవా, కొత్తవా? ముందు నాణేల డబ్బా సంగతి చూద్దాం

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక గొడవ నుంచి పుట్టింది. మొన్న సంక్రాంతికి తెనాలిలో అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క కొడుక్కి పదహారేళ్లు, అన్నం ముందు కూర్చున్నా ఫోన్ వదలడు. బావ చూసీ చూసీ ఇక ఆగలేక, "ఒరేయ్, మా రోజుల్లో గేమ్ అంటే గేమ్‌రా. ఇప్పుడున్నవన్నీ డబ్బులు లాగే మిషన్లు" అన్నాడు. వాడు ఊరుకుంటాడా? "ఆ మారియోలో ఏముంది నాన్నా, ఎగరడం, దూకడం, అంతేగా!" అన్నాడు. తర్వాత ఇద్దరూ నావైపు తిరిగారు. వాడేమో "మామయ్యా, నువ్వు చెప్పు" అంటాడు, బావేమో "నువ్వు చెప్పరా" అంటాడు. అరిసెలు తింటున్నానని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆ సమాధానం ఇప్పుడు చెప్తాను.

బావ అన్న మాటతోనే మొదలుపెడదాం. డబ్బులు లాగే మిషన్ అనేది కొత్తగా వచ్చిందా? అస్సలు కాదు. 1972లో అటారీ కంపెనీ పాంగ్ అనే గేమ్ తయారుచేసింది. తెర మీద రెండు గీతలు, ఒక చుక్క, అంతే. మొదటి మిషన్‌ని కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్లో ఒక బార్‌లో పెట్టారు. కొన్ని రోజులకే అది పనిచేయట్లేదని కబురొచ్చింది. తయారుచేసిన అల్ ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే సర్క్యూట్ బాగానే ఉంది. లోపల నాణేలు పడే డబ్బా నిండి పొర్లిపోతోంది, అదీ అసలు రిపేరు! వీడియో గేమ్ వ్యాపారం ఊపందుకున్నదే ఆ డబ్బాతో అన్నమాట.

ఇప్పుడు ఆ మిషన్ ఓనర్‌గా మిమ్మల్ని మీరు ఊహించుకోండి. ఒకడు ఒక్క నాణెం వేసి గంటసేపు అక్కడే నిలబడితే మీకేం మిగులుతుంది? వాడు త్వరగా ఓడిపోవాలి. కానీ ఓడినందుకు కోపం రాకూడదు, "ఇంకొక్కసారి ఆడితే గెలిచేవాణ్ణి" అనిపించాలి. 1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాదో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ చూడండి. గ్రహాంతరవాసుల్ని చంపేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. నిజానికి అది ముందుగా వేసుకున్న ప్లాన్ కాదు. తెర మీద బొమ్మలు తగ్గితే చిప్‌కి పని తగ్గి, మిగతావి వేగంగా కదిలేవి. ఆయన దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు. ఆటగాడికి అందులో థ్రిల్ ఉంది, ఓనర్‌కి నాణెం ఉంది.

మరి ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడే గేమ్‌లో నాణేల డబ్బా ఉండదు కదా, అక్కడ ఎందుకంత కష్టం? కాంట్రాలో మూడే లైఫ్‌లు ఎందుకు? ఒక కారణం పాత అలవాటు. కాంట్రా మొదట 1987లో నాణేల మిషన్ మీదే వచ్చింది, ఆ తర్వాతి ఏడాది ఇంటి మిషన్‌కి వచ్చింది. రెండో కారణం నాకు చాలా ఇష్టం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం గేమ్ సైజు 40 కిలోబైట్లు. మళ్లీ చెప్తున్నా, కిలోబైట్లు! పొద్దున్నే మీ పెద్దమ్మ వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో దీనికంటే పెద్దది. ఆ కాస్త చోటులో 32 లెవెల్స్, సంగీతం, శత్రువులు, అన్నీ కుక్కాలి. అందుకే ఆ గేమ్‌లో పైనున్న మబ్బు, కిందున్న పొద రెండూ ఒకే బొమ్మ. రంగు మార్చి రెండుసార్లు వాడేశారు. ఈసారి చూసినప్పుడు గమనించండి, ఆ తర్వాత ఇక మబ్బుని మబ్బుగా చూడలేరు. ఇంత చిన్న గేమ్ తేలిగ్గా ఉంటే అరగంటలో అయిపోతుంది. కొన్నవాడు నెలల తరబడి ఆడాలంటే మాటిమాటికీ చావాలి, మళ్లీ మొదటినుంచి రావాలి. బావ గొప్పగా చెప్పుకునే ఆ "అసలైన ఛాలెంజ్"లో కొంత మెమరీ లేక వచ్చిందే.

పైగా పాతవన్నీ మంచివని కూడా అనలేం. 1982లో ఈ.టీ. సినిమా మీద అటారీ ఒక గేమ్ తెచ్చింది. క్రిస్మస్‌కి అందాలని హోవర్డ్ స్కాట్ వార్షా చేత ఒక్కడి చేత, ఐదు వారాల్లో చేయించారు. అమ్ముడుపోని కాసెట్లని మరుసటి ఏడాది న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో, వేరే గేమ్‌లతో కలిపి చెత్తకుప్పలో పాతిపెట్టారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. పాత పాటల్లాగే, చెత్తవి మర్చిపోయి మంచివి మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

ఇక మనవాడి వాదన. గేమ్‌గా చూస్తే, అంటే ఆడే అనుభవంగా చూస్తే, వాడిదే కరెక్టని నా అభిప్రాయం. ఇప్పుడు మధ్యలో సేవ్ చేసుకోవచ్చు, కష్టం తగ్గించుకోవచ్చు. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో వికలాంగుల కోసం 60కి పైగా సెట్టింగులు పెట్టారు. చూపు లేనివాళ్లు కూడా ఆ గేమ్ పూర్తిచేశారు. ఆ పాత మారియోలో ఇలాంటి సెట్టింగులేవీ లేవు. అదే ఏడాది పుణె కుర్రాళ్లు మన పురాణాల నేపథ్యంతో రాజీ అనే గేమ్ చేసి ప్రపంచమంతా విడుదల చేశారు. స్టార్‌డ్యూ వ్యాలీ అయితే ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసుకున్నది. బొమ్మలు, సంగీతం, కోడ్, అన్నీ ఆయనవే. ఒకసారి డబ్బు కడితే చాలు, ఫోన్‌లో కూడా యాడ్ రాదు.

కానీ నాణేల డబ్బా ఎక్కడికీ పోలేదండీ, వేషం మార్చింది. 2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకి అమ్మారు. ఆ కవచంతో పెద్దగా ఉపయోగమేమీ లేదు, చూడ్డానికే. జనం నవ్వారు. కొన్నారు కూడా. 2012లో క్యాండీ క్రష్ వచ్చింది. అందులో ఐదు లైఫ్‌లు. అయిపోతే ఒక్కో లైఫ్ తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. కాంట్రాలో మూడు లైఫ్‌లు, ఇందులో ఐదు, చూడ్డానికి ఒకటే. తేడా ఎక్కడుందంటే, కాంట్రాలో ఓడితే మీరు ఇంకా బాగా ఆడటం నేర్చుకోవాలి. ఇక్కడ ఓడితే కాచుక్కూర్చోవాలి. మొదటిది మీ చేతిని పరీక్షిస్తుంది, రెండోది మీ ఓపికని అమ్మకానికి పెడుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది డబ్బు కూడా కాదు. నేనొక గేమ్‌లో రెండేళ్లు ఆడాను, పేరు చెప్పను. మూడు వేల దాకా పెట్టి ఉంటాను. ఒకరోజు తెరిస్తే "ఫలానా తేదీన సర్వర్లు మూసేస్తున్నాం" అని నోటీస్. నా టీమ్, నా ర్యాంకు, నేను కొన్న డ్రెస్సులు, అన్నీ ఆ రోజుతో సరి. పబ్జీ ఆడినవాళ్లకి ఇది కొత్త కాదు. 2020 సెప్టెంబర్ 2న మన దేశంలో నిషేధం వచ్చింది, అక్టోబర్ 30న సర్వర్ కూడా ఆగింది. ఆ తర్వాత బీజీఎంఐ వచ్చింది, 2022లో స్టోర్ల నుంచి మాయమైంది, 2023లో మళ్లీ వచ్చింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఏంటంటే, ఆ గేమ్ ఒక్కరోజు కూడా మన చేతిలో లేదు.

పోనీ ఫ్రీ గేమ్ కదా అనుకుందాం. యూబీసాఫ్ట్ వాళ్ల ద క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది, జనం పూర్తి ధర పెట్టి కొన్నారు. 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరలేదు, డిస్క్ ఉన్నా పనికిరాకుండా పోయింది. అప్పుడే "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అనే ఉద్యమం మొదలైంది. మీరు కొంటున్నది గేమ్ కాదు, ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే అని కొనేముందే స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చట్టమే చేసింది. 2025 నుంచి అది అమల్లో ఉంది.

అయితే బావ మరీ పొంగిపోనక్కర్లేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. అవి పూర్తిగా అంతరించకుండా ఉన్నాయంటే కారణం ఎవరో ఒకరు కాసెట్‌ని అటక మీద దాచిపెట్టడమే. ద క్రూని ఏ అటక మీద దాస్తాం?

మళ్లీ తెనాలికి వద్దాం. భోజనాలయ్యాక బావ స్టూలెక్కి అటక మీంచి తన టీవీ గేమ్ దించాడు. అప్పట్లో మన ఊళ్లకి వచ్చినవాటిలో చాలావరకు జపాన్ నింటెండో మిషన్‌కి నకళ్లే. కాసెట్ మీద 9999999 గేమ్‌లని రాసి ఉంటుంది, లోపల తిప్పితిప్పి కొడితే ఓ పాతిక ఉంటాయి. మోసాలు అప్పుడూ ఉన్నాయండోయ్. బావ కాసెట్‌లో ఉఫ్ అని ఊదాడు, పెట్టాడు, రాలేదు. మళ్లీ ఊదాడు. మూడోసారికి కాంట్రా వచ్చింది.

మనవాడు మొదటి లెవెల్లోనే మూడు లైఫ్‌లూ పోగొట్టుకున్నాడు. "ఇది అన్యాయం నాన్నా" అన్నాడు. "ఇంకోసారి" అని కూడా అన్నాడు. రాత్రి పదకొండింటి దాకా తండ్రీకొడుకులు పక్కపక్కనే కూర్చుని ఆడారు. అక్క లైట్ ఆపేస్తే గానీ లేవలేదు.

బయల్దేరేటప్పుడు ఆ కాసెట్ అడిగి తెచ్చుకున్నాను. ఉగాదికి మాత్రం తిరిగిచ్చెయ్యాలట, బావ రెండుసార్లు చెప్పాడు.