నాదమ్: పాత ఆటలు, కొత్త పండుగ

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఒక గ్రానైట్ శిల ఉంది. సుమారు 1225 నాటిది. దాని మీద ఐదు నిలువు పంక్తులే ఉన్నాయి. ఖ్వారజ్మ్ దండయాత్ర ముగించుకుని వచ్చిన చెంఘిజ్ ఖాన్ మంగోలు ప్రభువులందరినీ ఒకచోట సమావేశపరిచినప్పుడు, తమ్ముడు ఖసార్ కొడుకు యెసుంగె 335 బారల దూరం బాణం వేశాడని ఆ శాసనం చెబుతుంది. అంటే అర కిలోమీటరు పైమాటే. మంగోలు లిపిలో దక్కిన శాసనాల్లో ఇదే అన్నిటికన్నా పాతదని పండితుల అభిప్రాయం. మన శాసనాల్లో చాలామటుకు భూదానాలో గుడి మాన్యాలో ఉంటాయి. అక్కడ తొలి శాసనానికి ఎక్కింది ఒక విలుకాడి బాణం.

ఏటా జులై 11 నుంచి 13 వరకు మంగోలియా జరుపుకునే నాదమ్ పండుగలో విలువిద్య, కుస్తీ, గుర్రపు పందెం ప్రధానం. వీటికి ‘మగవారి మూడు ఆటలు’ అని పేరు. విలువిద్యలోనూ గుర్రపు పందెంలోనూ ఇప్పుడు ఆడవాళ్లు పాల్గొంటున్నా పేరు మాత్రం మారలేదు. 2010లో యునెస్కో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆటలు ఎంత పాతవో పండుగ కూడా అంత పాతదని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు.

పదమూడో శతాబ్దపు ‘మంగోలుల రహస్య చరిత్ర’లో ఒక కుస్తీ ఉంది. బురి అనే మల్లుడు ఒక విందులో చెంఘిజ్ సవతి తమ్ముడు బెల్గుతెయి భుజాన్ని కత్తితో నరికాడు. కొన్నేళ్లకు చెంఘిజ్ వాళ్లిద్దరినీ బరిలోకి దింపాడు. బెల్గుతెయిని ఒంటిచేత్తో పడగొట్టగల బురి, ఖాన్‌కు భయపడి తానే ఓడిపోయినట్టు కింద పడ్డాడు. మీద కూర్చున్న బెల్గుతెయి అన్న వైపు చూశాడు. ఖాన్ కింది పెదవి కొరికాడు. ఆ సైగ చాలు, బురి వెన్ను విరిగింది. ఈ కథలో పండుగ వాసనే లేదు. నాటి కుస్తీ వినోదమే కాదు, కొలువులో కక్ష తీర్చుకునే దారి కూడా.

ఆటలకు పండుగ రూపం బౌద్ధం చేతిలో వచ్చింది. 1639లో తూషీత్ ఖాన్ కుమారుడు జనబజార్‌ను, ఇంకా ఐదేళ్లు కూడా నిండని పసివాణ్ణి, ఖల్ఖా మంగోలుల మతగురువుగా ప్రకటించారు. ఆ గురుపరంపర దీర్ఘాయుష్షు కోరుతూ జరిపిన పూజోత్సవాలే ‘దన్షిగ్’ నాదమ్‌లు. ప్రార్థనల తర్వాత పందేలు జరిగేవి. 1921 జులై 11న ప్రజా ప్రభుత్వం ఏర్పడింది. మరుసటి ఏటి నుంచి అదే రోజున జరిపే నాదమ్ విప్లవ వార్షికోత్సవమైంది. 1924లో, ఆ గురుపరంపరలో రాజ్యమేలిన చివరివాడు బోగ్ద్ ఖాన్ మరణించాక రాజ్యం గణతంత్రమైంది. గురువు ఆయుష్షు కోసం పట్టిన కుస్తీలు విప్లవ పార్టీ జెండాల కింద సాగాయి. 1990 తర్వాత పార్టీ జెండాలు పోయి, చెంఘిజ్ పేరు చెప్పి గుర్రపు తోక వెంట్రుకలతో కట్టిన తొమ్మిది తెల్ల ధ్వజాల ఊరేగింపు వచ్చింది. చూసేవాళ్లకు అన్నిటికన్నా ప్రాచీనంగా తోచే ఘట్టం, నేటి రూపంలో, అన్నిటికన్నా కొత్తది.

బరిలో మాత్రం పాత పద్ధతే ఎక్కువ. జాతీయ నాదమ్‌లో మామూలుగా 512 మంది మల్లులు దిగుతారు. బరువును బట్టి విభజన లేదు. మోకాలో మోచెయ్యో నేలకు తగిలితే ఓటమి. గెలిచినవాడు చేతులు చాచి పక్షిలా నర్తిస్తాడు, ఓడినవాడు అతని చంక కింద నుంచి దాటి వెళతాడు. ఐదు గెలుపులకు డేగ, ఏడింటికి ఏనుగు, తొమ్మిదింటికి సింహం బిరుదులు. గరుడ బిరుదు 2003లో కొత్తగా చేరింది. ఏనుగూ సింహమూ ఆ గడ్డి మైదానాల్లో తిరిగే జంతువులు కావు. బౌద్ధంతోపాటు మన దేశం నుంచే అక్కడికి చేరి ఉంటాయి. ఈ బరి నుంచే వచ్చిన జిగ్జిదీన్ మున్ఖ్‌బాత్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. అతని కొడుకు హకుహో జపాన్ సుమోలో 45 టోర్నీలు గెలిచాడు.

గుర్రపు పందెంలో పరీక్ష గుర్రానికి, రౌతుకు కాదు. రెండేళ్ల గుర్రాలు పది కిలోమీటర్లకు పైగా, పెద్దవి ఇరవైకి పైగా పరుగెత్తుతాయి. బరువు తగ్గాలని రౌతులుగా పిల్లలనే ఎక్కిస్తారు. గెలిచిన గుర్రాన్ని పొగుడుతూ, దాని మీద పులిసిన గుర్రపుపాలు చల్లుతారు. రెండేళ్ల గుర్రాల్లో ఆఖరున వచ్చినదానికీ వచ్చే ఏడు గెలవాలని దీవిస్తూ ఒక పాట ఉంది. గుర్రాన్ని నెలల తరబడి మేపి, చెమట పట్టించి, బరువు దించి తయారుచేసే ‘ఉయాచ్’కు ఊళ్లో ఉన్న మర్యాద రౌతుకు ఉండదు. పిల్లలు పడి గాయపడటం, చనిపోవడం కూడా జరిగాయి గనుక ఇప్పుడు ఏడేళ్లు నిండితేనే ఎక్కనిస్తున్నారు, తలకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఏడేళ్లు కూడా తక్కువేనని బాలల హక్కుల సంఘాలు అంటున్నాయి. పెద్దవాళ్లను ఎక్కిస్తే అది గుర్రపు పందెం కాదని పశువుల కాపరులు జవాబిస్తున్నారు.