లేపాక్షి హబ్: డీకేటీ పట్టా నుంచి బ్యాంకు తాకట్టు దాకా

ఓబులదేవరచెరువుకు పొరుగునున్న గోరంట్ల మండలంలోనూ, చిలమత్తూరు మండలంలోనూ లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు కేటాయించారు. ప్రభుత్వ విధానాన్ని కంపెనీలు ఎలా మలుచుకుంటాయో తెలుసుకోవాలంటే ముందు ఈ కథ చదవాలి.

ఏం జరిగింది?

2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఏపీఐఐసీ ద్వారా ఈ భూమిని ఇందూ గ్రూపు సంస్థకు అప్పగించింది. అందులో ప్రభుత్వ భూమితో పాటు పేదల డీకేటీ భూములూ, రైతుల పట్టా భూములూ ఉన్నాయి. ఉద్యోగాలొస్తాయన్నారు. హబ్ రాలేదు. నాలుగు వేల ఎకరాలకు పైగా బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లింది. 2019లో ఇందూ ప్రాజెక్ట్స్ దివాలా ప్రక్రియలో పడింది. 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ నమోదు చేసిన జగన్ ఆస్తుల కేసులో ఈ కేటాయింపు కూడా ఉంది. భూమికి ప్రతిఫలంగా జగన్ సంస్థల్లో పెట్టుబడులు పెట్టారన్నది ఆరోపణ. నిందితులు దాన్ని ఖండించారు.

పేదవాడికి ఒక చట్టం, కంపెనీకి మరొకటా?

1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం డీకేటీ భూమి అమ్మకం చెల్లదు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్ముకున్న దళితుడి బేరం చెల్లకుండా పోయింది. అదే భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుని కంపెనీకిస్తే, కంపెనీ దాన్ని చూపించి అప్పు తెచ్చుకోగలిగింది. 2023 సవరణతో, అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన భూమిని మూల లబ్ధిదారులు అమ్ముకునే వీలు కల్పించారు.

డబ్బు దారి

గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు పార్టీలకు విరాళమివ్వకూడదన్న పరిమితిని 2017లో ఎత్తేశారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాతల పేర్లను దాచాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది, ఆ పరిమితి ఎత్తివేత కూడా చెల్లదంది.

చేతిలో ఉన్న ఆయుధాలు

• ప్రజావసరానికి అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారమివ్వాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.
• 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి.
• సమాచార హక్కు కింద కేటాయింపు జీవో, ఒప్పందం, సర్వే నంబర్లు, పరిహారం చెల్లింపుల జాబితా అడగవచ్చు.

మన ఊరికి రేపు ఏ కంపెనీ పేరుతో జీవో వచ్చినా మొదట అడగాల్సింది ఒక్కటే: కంపెనీ మాట తప్పితే భూమి ఎవరికి తిరిగొస్తుంది? ఆ జవాబు ఒప్పందంలో రాసి లేకపోతే, గోరంట్ల దాకా వెళ్లి చూస్తే చాలు.