ఆడగలవా?

2024 ఆగస్టు 5. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 68 కిలోల కుస్తీ, క్వార్టర్ ఫైనల్. నిషా దహియా 8-1తో ముందుంది. ఇంకొద్దిసేపు నిలబడితే సెమీఫైనల్. సరిగ్గా అప్పుడు చెయ్యి దెబ్బతింది. ఆట ఆపారు, వైద్యులొచ్చి చూశారు, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆమె ఒంటిచేత్తో ఆడినట్టే. ఉత్తర కొరియా అమ్మాయి పాక్ సోల్ గుమ్ వరసపెట్టి పాయింట్లు లాగేసుకుని 10-8తో గెలిచింది. నిషా మ్యాట్ మీదే ఏడ్చేసింది.

అవతలివాళ్ళు కావాలనే దెబ్బతీశారని ఆమె కోచ్ వీరేందర్ దహియా ఆరోపించాడు. మనవాళ్ళంతా ఆ పిల్ల తెగువని పొగిడారు. నేనూ పొగిడాను. రెండ్రోజులయ్యాక మాత్రం ఇంకో సంగతి బుర్రలో తిరగడం మొదలైంది. గెలుపు అంచున ఉన్న పిల్లతో "చాలమ్మా, ఇక ఆపేద్దాం" అనగలిగేవాళ్ళు అసలు ఎవరైనా ఉంటారా? కుస్తీలో ఆపే హక్కు ఎవరిది?

పాత దంగల్‌లో ఈ ప్రశ్నకి చోటే లేదు. వీపు నేలకి తగిలితే ఓటమి, తగలనంతసేపూ ఆట. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో గామా, పోలండ్ వస్తాదు జిబిస్కో రెండున్నర గంటలకి పైగా తలపడ్డారు. జిబిస్కో చాలాసేపు నేలని కరుచుకుని ఉండిపోయాడు. ఎటూ తేలలేదు. వారం తర్వాత మళ్ళీ పెడితే అతను రాలేదు, బెల్టు గామాకిచ్చారు. రాకపోవడాన్ని పిరికితనం అన్నారు. రాకపోవడం కూడా ఒక నిర్ణయమేనని ఎవరికీ తోచినట్టు లేదు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ కథ ఇంకా విడ్డూరం. మార్టిన్ క్లైన్, ఆల్‌ఫ్రెడ్ అసికైనెన్‌ల సెమీఫైనల్ 11 గంటల 40 నిమిషాలు సాగింది. అరగంటకోసారి కాస్త ఊపిరి తీసుకోనిచ్చారు. క్లైన్ గెలిచాడు గానీ ఫైనల్లో నిలబడే ఓపిక మిగల్లేదు, వెండి పతకంతో సరిపెట్టుకున్నాడు. ఆ విరామాలన్నీ ఒంటికోసం ఇచ్చినవి కాదు, మళ్ళీ లేపి నిలబెట్టడానికి ఇచ్చినవి. గాయానికిచ్చే విరామం కూడా ఈ బుద్ధితోనే పుట్టిందేమోనని నా అనుమానం.

అమెరికా హైస్కూళ్ళలో కుస్తీ పెద్ద ఆట. అక్కడ గాయానికి ఒక మల్లుడికి మొత్తం మీద తొంభై సెకన్లు. రెండుసార్లకి మించి వాడుకోకూడదు. రక్తం కారితే లెక్క వేరు, ఐదు నిమిషాల దాకా ఇస్తారు. ఆ తొంభై సెకన్లలో కోచ్ పిల్లాడి పక్కకొచ్చి కూచోవచ్చు. అంటే మోకాలు పట్టుకుని చూస్తూనే చెవిలో తర్వాతి పట్టు చెప్పొచ్చు. ఆయాసం వచ్చినవాడు కూడా మోకాలు పట్టుకోవచ్చు. అందుకే రెండోసారి విరామం తీసుకుంటే, ఆట మళ్ళీ ఎలా మొదలవ్వాలో ఎంచుకునే వీలు ప్రత్యర్థికి దక్కుతుంది. అంతర్జాతీయ కుస్తీ ఇంకా కరుకు: రక్తం కనబడని గాయానికి ఆట ఆపిస్తే అవతలివాడికి ఒక పాయింటు. దొంగనొప్పుల్ని పట్టుకోవడానికి పెట్టిన రూలు ఇది. నిజం నొప్పి ఉన్నవాడు కూడా దీన్ని చూసి పళ్ళు బిగించుకుంటాడు. దొంగని పట్టే వలలో మంచివాడే ముందు పడతాడు.

తలకి తగిలిన దెబ్బ విషయంలో ఈ లెక్క మారింది, అదీ ఒక పిల్లాడి పుణ్యాన. 2006లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ళ కుర్రాడు స్కూలు ఫుట్‌బాల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపు బయట కూచుని మళ్ళీ ఆటలోకి దిగాడు. ఆట అయిపోగానే కుప్పకూలాడు, మెదడులో రక్తస్రావం. బతికాడు గానీ మాట, నడక మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరు మీద చట్టం చేసింది. అనుమానం వస్తే బయటికి, వైద్యంలో అర్హత ఉన్నవాళ్ళు రాసిస్తేనే మళ్ళీ లోపలికి. కొన్నేళ్ళలోనే మిగతా రాష్ట్రాలూ అలాంటి చట్టాలే తెచ్చుకున్నాయి. కోచ్ చేతిలోంచి ఒక్క నిర్ణయాన్ని తీసి పక్కన పెట్టారన్నమాట. కోచ్‌లు చెడ్డవాళ్ళని కాదు. స్కోరుబోర్డు చూసే కళ్ళతో గాయాన్ని చూడటం కష్టమని.

ఇక గెలుపు వచ్చిందంటే తప్పు నిర్ణయం కూడా ఒప్పైపోతుంది. టోక్యోలో బజరంగ్ పూనియా గాయపడ్డ మోకాలితోనే ఆడాడు. కట్టు కట్టుకోమని సహాయ సిబ్బంది చెప్పినా వినకుండా కంచు పతకం పోటీకి దిగి 8-0తో గెలిచాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ మోకాలు మధ్యలో తిరగబడి ఉంటే అదే కథని ఎలా చెప్పుకునేవాళ్ళం?

మన తెలుగువాళ్ళకి వస్తాదు అంటే కోడి రామమూర్తి. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. సర్కసూ, ఛాతీ మీద ఏనుగూ తర్వాతి సంగతులు. చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చినప్పుడు మత్తుమందు వద్దన్నాడని చెబుతారు. చిన్నప్పుడు ఈ కథ విని ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు వింటే, నొప్పిని బయటికి చెప్పకపోవడమే మగతనమని మాకు మొదట నేర్పింది ఈ కథేనేమో అనిపిస్తుంది.

మా అచ్చంపేట వైపు కుస్తీ లేదు. బళ్ళో ఉన్నదల్లా కబడ్డీ, అదీ పట్లాటే. పల్నాడుకి పోరంటే ముందు గుర్తొచ్చేది కోడి. కారంపూడి వీరుల ఉత్సవాల్లో నాలుగో రోజు కోడిపోరు. బ్రహ్మనాయుడి కోడి ఓడింది, ఏడేళ్ళ వలస మాచర్లవాళ్ళకి పడింది. బరిలోంచి ఎప్పుడు ఎత్తుకోవాలో కోడి చెప్పదు. పందెం కాసినవాడు చెప్పాలి, వాడి కళ్ళు పందెం మీద ఉంటాయి.

తొమ్మిదో తరగతిలో, పక్క ఊళ్ళో జోనల్ పోటీలు. రెయిడ్‌కి వెళ్ళిన నన్ను నలుగురు మీదపడి అదిమారు. ఎడమ భుజంలో ఏదో పుటుక్కుమంది. అక్కడ డాక్టరు లేడు, నర్సు లేదు. మా డ్రిల్లు సారే కోచ్, ఆయనే కాంపౌండరు, బస్సు దిగిందగ్గర్నించీ మా పదిమందికీ ఆయనే అమ్మా నాన్నా. మంచాయన. సొంత డబ్బుల్తో మాకు ఇడ్లీలు పెట్టించాడు ఆ పొద్దున. ఏదో స్ప్రే కొట్టి, గుడ్డతో గట్టిగా కట్టి, నా మొహంలోకి చూసి అడిగాడు, "ఏరా, ఆడగలవా?"

రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. చుట్టూ మావాళ్ళు గుమిగూడి నన్నే చూస్తున్నారు. పధ్నాలుగేళ్ళవాడు ఆ ప్రశ్నకి ఇంకేం జవాబు చెబుతాడు?

"ఆడతా సార్."

గెలిచాం కూడా. ఎడమ భుజానికి బ్యాగు తగిలించుకుంటే ఇప్పటికీ సాయంత్రానికల్లా సలుపుతుంది. ఈమధ్య ఊరెళ్ళినప్పుడు సారు బస్టాండులో కనబడ్డారు. ఆ ఆట ఆయనకి బాగా గుర్తుంది. ఆఖరి రెయిడ్ నేనే చేశానని అక్కడున్న వాళ్ళకి చేతులు తిప్పుతూ చెప్పారు. భుజం సంగతి ఆయనకి గుర్తులేదు. నేనూ ఎత్తలేదు.