పిండిమర దగ్గరి ఇటలీ

మాజినీ, గారిబాల్డీల పేర్లు ఒకప్పుడు మన దేశభక్తులకు మంత్రాక్షరాల వంటివి. లాలా లజపతిరాయ్ ఆ ఇరువురి జీవితచరిత్రలను ఉర్దూలో రచించినారు. పెక్కు రాజ్యాలుగా చీలియున్న ఇటలీ ఏకమైన కథను మనవారు ఆసక్తితో చదివినారు. అయితే ఆ కథ సాధారణంగా 1861 మార్చి 17వ తేదీతో, విక్టర్ ఇమాన్యుయేల్ ఇటలీ రాజుగా ప్రకటితుడగుటతో ముగుస్తుంది. అటుపిమ్మట ఇటలీ ప్రజలకు ఏమి దక్కినదో విచారించువారు తక్కువ.

రాజ్యం కొత్తది. కాని రాజు ‘రెండవ’ విక్టర్ ఇమాన్యుయేల్‌గానే ఉండిపోయినాడు. అది సార్డీనియా సింహాసనం నాటి లెక్క. 1848లో సార్డీనియాకు ఇచ్చిన రాజ్యాంగ శాసనమే దేశమంతటికీ వర్తించినది. కొత్త శాసనం కొరకు ప్రజాప్రతినిధుల సభ ఏదీ కూడలేదు. 25 ఏండ్లు నిండి, చదువు వచ్చి, ఏటా 40 లీరాల పన్ను కట్టగల పురుషులకే ఓటు. జనాభాలో అట్టివారు నూటికి ఇద్దరు మాత్రమే. అక్షరజ్ఞానం లేనివారో, నూటికి డెబ్బదిమందికి పైగా ఉండిరి.

యుద్ధాల వలన ఖజానా అప్పులపాలైనది. దానిని పూడ్చుటకు 1868లో పిండిపన్ను శాసనం వచ్చినది. ప్రతి పిండిమరలోను తిరుగలిరాయి చుట్లను లెక్కించే యంత్రం ఒకటి అమర్చినారు. నూరు కిలోల గోధుమకు రెండు లీరాల పన్ను. రొట్టె తినక బ్రతుకలేని పేదవానికి ఈ పన్ను తప్పించుకొను దారి లేదు. ఓటు అడుగుటకు అతని గడప త్రొక్కని ప్రభుత్వం, అతని గింజల సంచి వద్దకు మాత్రం తప్పక వచ్చినది. 1869 జనవరిలో అల్లర్లు చెలరేగినవి. అణచుటకు జనరల్ రఫేలే కదోర్నాను పంపినారు. రెండువందలమందికి పైగా మరణించినారు. మరుసటి యేడు, 1870 సెప్టెంబరు 20న, సేనలతో రోము నగరం ప్రవేశించి ఐక్యతను పూర్తిచేసినవాడును ఆ కదోర్నాయే.

నాయకులకు జరిగినదేమి? 1860లో సిసిలీని, నేపిల్సును జయించి రాజుకు అప్పగించిన గారిబాల్డీ, రెండేండ్లకే రోముపై దండు కదల్పగా, ఆస్ప్రోమోంతె వద్ద ఇటలీ సేనల తుపాకికే గాయపడినాడు. మాజినీని 1866లో మెస్సీనా ప్రజలు పార్లమెంటుకు ఎన్నుకొన్నారు. పాత మరణశిక్షను సాకుగా చూపి సభ ఆ ఎన్నికను రద్దుచేసినది. 1872లో పీసా నగరంలో, తన దేశంలోనే మారుపేరుతో తలదాచుకొంటూ ఆయన కన్నుమూసినాడు.

1876లో వామపక్షం అధికారానికి వచ్చినప్పుడు ప్రజలు ఆశపడినారు. కాని ప్రధాని దెప్రెతిస్ ప్రతిపక్షులను పదవులతో, అనుగ్రహాలతో తనవైపు త్రిప్పుకొనే పద్ధతిని పెంచినాడు. పక్షానికీ పక్షానికీ నడుమ హద్దు చెరిగినది. ఓటరు ఎవరిని ఎన్నుకొన్నా ఒకటే అన్న భావం బలపడినది. పిండిపన్ను 1884 వరకు పూర్తిగా తొలగలేదు. 1876 మొదలు 1915 వరకు సుమారు కోటి నలుబది లక్షలమంది బ్రతుకుతెరువు వెదకుచు దేశం విడిచి వెళ్ళినారు.

ఇంతమాత్రాన ఇటలీ ఐక్యత వట్టి భ్రమ అనరాదు. మాజినీ నిరాశ దేశంపై ప్రేమ లేనివాని నిరాశ కాదు. ప్రజలే తమ రాజ్యాన్ని నిర్మించుకొనవలెనని కోరి, అది జరుగక కుమిలినవాని నిరాశ. పురుషులలో అత్యధికులకు ఓటు లభించుటకు 1912 వరకు, అనగా అర్ధశతాబ్దికి పైగా, పట్టినది. అంతవరకు ఇటలీ రైతుకు స్వరాజ్యమనగా తిరుగలి పక్కన కదలే అంకెల యంత్రమే. అట్టివాడు ‘ఇది నా దేశం’ అని నోరార అనలేకపోయినచో, ఆ దోషం ఎవరిదో శ్రోతలే నిర్ణయించవచ్చును.